ఏడు బాణీలు వాయిస్తాను, వీటిలో నాదేది?

ఈసారి ఉత్తరం రాసినావిడ వయొలిన్ కళాకారిణి. వయసు ముప్పై మూడు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దదే. కానీ ఆవిడ చిక్కు అర్థం కావాలంటే ఆ వివరాలన్నీ తెలియాలి కాబట్టి కాస్త వివరంగానే చెబుతున్నాను.

ఏడో ఏట ఫిడేలు పట్టుకున్నారు. ఒకే మాస్టారి దగ్గర పద్నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, గాత్ర కచేరీలకు పక్కవాద్యం వాయించే స్థాయికి వచ్చారు. ఆ తర్వాత ఒక స్నేహితురాలు ఐరిష్ రీల్ (వేగంగా నడిచే డాన్సు ట్యూన్) ఒకటి వినిపిస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదట. రికార్డింగ్ వేగం తగ్గించి, నాలుగేసి స్వరాలు పట్టుకుంటూ సొంతంగా నేర్చేసుకున్నారు. దాని వెంట స్కాటిష్ బాణీ, తర్వాత బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతం), జిప్సీ జాజ్, క్లెజ్మర్ (తూర్పు యూరప్ యూదుల పెళ్లిళ్ల సంగీతం), అరబిక్. ఇప్పుడు గిటార్, బేస్, డ్రమ్స్ ఉన్న బ్యాండ్‌లో ముందు నిలబడి వాయించేది ఆవిడే. ఒకే సాయంత్రం ఏడు బాణీలూ వినిపిస్తారు. హాలు నిండుతుంది, చప్పట్లు ఆగవు.

అయినా ఏడాదిగా మూడు మాటలు ఆవిడను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఒక కచేరీ అయ్యాక, చిన్నప్పటి నుంచీ ఐరిష్ ఫిడేలే వాయిస్తున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "చాలా బాగా వాయించావమ్మా, కానీ అది మా రీల్ కాదు" అన్నారు. ఎవరో పంపిన వీడియో చూసిన మాస్టారు ఫోన్ చేసి, "నీ కమాను పాడైపోయింది" అని పెట్టేశారు. కమాను అంటే తీగల మీద లాగే బద్ద, ఆయన అన్నది దాన్ని లాగే తీరు గురించి. బ్యాండ్ నడిపే గిటారిస్టేమో ప్రతి పాటలోనూ "ఇక్కడ నీ ఇండియన్ టచ్ పడాలి" అంటున్నారు. అంటే రీల్ మధ్యలో కాసేపు వేగంగా స్వరాలు కురిపించాలి, జనం ఈలలు వేయాలి.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఇది. రెండు నెలల్లో బ్యాండ్ ఆల్బమ్ రికార్డు చేస్తుంది, ఆ వెంటనే దాదాపు ఏడాది పాటు టూర్. సరిగ్గా ఇదే సమయంలో మాస్టారు తనకు తెలిసిన ఒక గాయనికి స్థిరంగా పక్కవాద్యం వాయించే మనిషి కావాలంటే ఈమె పేరు చెప్పారు. కోపంగా ఫోన్ పెట్టేసిన మనిషే చెప్పారు. ఎటు వెళ్లినా రెండోది పోతుందని ఆవిడ టెన్షన్. ఉత్తరం చివర ఇలా రాశారు: "రాత్రి ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచి శ్రుతి చేసుకుంటాను. ఆ తర్వాత ఏం వాయించాలో తెలియక మళ్లీ మూసేస్తాను. ఏడు బాణీలు వచ్చిన మనిషికి తనదంటూ ఒక్కటీ ఉండదా?" మధ్యలో ఎక్కడో ఎడమ భుజం నొప్పి గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు.

ఇక మీతోనే మాట్లాడతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది ఒకటుంది. మీరు ఏడు బాణీలు వాయిస్తున్నారు. వాటిలో "ఇది తప్పు" అని మీకు చెప్పిన మనుషులు ఉన్నవి రెండే: మాస్టారి కర్ణాటక బాణీ, ఆ పెద్దాయన ఐరిష్ బాణీ. మిమ్మల్ని నిద్రపోనివ్వనివి ఆ ఇద్దరి మాటలే. మిగతా అయిదింటిలో ఇన్నేళ్లుగా మీకు దొరికింది చప్పట్లు మాత్రమే. క్లెజ్మర్‌లో మీ కమాను ఎలా ఉందో, అరబిక్ మఖామ్ (వాళ్ల రాగపద్ధతి)లో మీ స్వరస్థానాలు ఎక్కడ నిలుస్తున్నాయో తెలిసిన మనిషి మీ ముందు కూర్చున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు దిగులుగా అనిపించడానికి బాణీల సంఖ్య కారణమని నేను అనుకోను. ఎక్కువ చోట్ల మీకు జవాబు చెప్పుకోవాల్సిన వాళ్లు లేరు, అది కారణం. ఎవరూ సరిదిద్దని చోట నేర్చుకున్నది మనదో కాదో మనకే నమ్మకం కుదరదు. కాబట్టి బాధపెట్టిన ఆ రెండు మాటలనూ దగ్గరగా చూద్దాం. మీకు పనికొచ్చేది వాటిలోనే ఉంది.

ముందు ఆ పెద్దాయన మాట. ఆయన మిమ్మల్ని పరాయిదాన్ని చేశారని మీరు బాధపడ్డారు. ఆయన ఉద్దేశం అది కాదనుకుంటాను. కర్ణాటక బాణీలో పెరిగిన చేతికి రీల్‌లో సాధారణంగా ఎక్కడ తేడా వస్తుందో చెబుతాను, మీ రికార్డింగ్ పెట్టుకుని సరిచూసుకోండి. స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. తేడా కమానులో ఉంటుంది. మనకు ఒక్క కమానులో చాలా స్వరాలు కలిపి లాగడం అలవాటు, పదం తెగకూడదు. రీల్ డాన్సు కోసం పుట్టింది. దాని నాడి కమాను ఎక్కడ తిరుగుతుందన్న దానిలో ఉంటుంది. వాళ్లు రెండు మూడు స్వరాలు కలిపి, ఆ కలపడాన్ని తాళం దెబ్బ మీదుగా దాటించి, అవతలి పక్క కమాను తిప్పుతారు. అక్కడ పడే చిన్న ఒత్తే అడుగు కదిలిస్తుంది. ఇంకొకటి, వాళ్లు రోల్ అనే అలంకారం. ఒకే స్వరం చుట్టూ పైదీ కిందిదీ తాకి వచ్చే అయిదు స్వరాల గుంపు అది. కాగితం మీద చూస్తే మన గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, చుట్టంలా కనిపిస్తుంది. వాయించేటప్పుడు మాత్రం ఆ పైస్వరం, కిందిస్వరం శ్రుతిలో నిలబడనే నిలబడవు, వేలు తీగను అలా తాకి వచ్చేస్తుంది. చెవికి వినిపించేది లయే. మన చెయ్యి ఊరుకోదు, ఆ రెండు స్వరాలకూ బరువిచ్చి గమకంలా పలికిస్తుంది. విన్నవాళ్లకు అందంగానే ఉంటుంది, కానీ రీల్ నడక ఆగిపోతుంది. జిగ్ అనే మరో రకం డాన్సు ట్యూన్‌లోనూ ఇదే తంటా. మూడేసి స్వరాలు కదా అని మనం తిశ్రగతిలా సమానంగా పంచేస్తాం. వాళ్ల మూడింటిలో మొదటిది కొంచెం సాగుతుంది, రెండోది ఇరుకవుతుంది.

కొత్త భాషను వ్యాకరణం తప్పకుండా మాట్లాడుతున్నా సొంత యాస వినపడుతూనే ఉంటుంది కదా, ఇది కూడా అలాంటిదే. యాస ఉండటం నేరం కాదు. కానీ అది ఉందని తెలిసి ఉంచుకోవడం వేరు, తెలియకుండా ఉండిపోవడం వేరు. తెలిసి ఉంచుకుంటే అది మీ బాణీ అవుతుంది. ఆ పెద్దాయన మీకు చెప్పింది అది వినపడుతోందని.

మీరు రికార్డింగులు విని నేర్చుకోవడంలోనూ ఒక చిక్కుంది. ఐర్లండ్ ఫిడేలు ఒకటే బాణీ కాదు. డొనెగల్ వాళ్లు స్వరానికో కమాను వేస్తూ పదునుగా నడిపిస్తారు. స్లైగో వాళ్ల వాయింపు ఎగిరిపడుతూ, రోల్స్‌తో నిండుగా ఉంటుంది. తూర్పు క్లేర్ వైపు నిదానం, ఒక రకమైన విచారం. స్లైగో నుంచి అమెరికా వెళ్లిన మైకేల్ కోల్మన్ 1920లలో న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డులు మళ్లీ ఐర్లండ్ చేరితే, వాటి మోజులో అక్కడి వాళ్లే ఎందరో తమ తమ ప్రాంతాల కమాను పక్కన పెట్టి ఆయనలా వాయించడం మొదలుపెట్టారు. పుట్టి పెరిగిన వాళ్లకే రికార్డు అంత పని చేసింది. పదిమంది రికార్డులు విని నేర్చుకున్న మీ రీల్‌లో పది ప్రాంతాలూ కలిసి ఉండి ఉంటాయి. అందుకని ఆ పెద్దాయన్ను వెతికి పట్టుకోండి. "ఏం తక్కువైంది, చెప్పండి" అని అడగండి. ఒక్క రీల్ ఆయన పక్కన కూర్చుని నేర్చుకోండి, ఆయన మోచెయ్యి చూస్తూ నేర్చుకోండి. నోటితో అంతమాట చెప్పిన మనిషి అడిగితే నేర్పకుండా ఉండరు. ఆ సంప్రదాయంలో ఒక ట్యూన్ ఎవరి దగ్గర పట్టుకున్నారో చెప్పి వాయించడం మర్యాద. మీకు అప్పుడు చెప్పుకోవడానికి ఒక పేరు ఉంటుంది.

ఇక మాస్టారు. "కమాను పాడైపోయింది" అన్నది కోపంలో అన్న మాటే కావచ్చు, కానీ కోపంలో కూడా ఆయన చెవి పనిచేస్తూనే ఉంటుంది. ముందు ఆ మాట నిజమో కాదో మీరే తేల్చుకోండి. దీనికి ఒక పద్ధతి ఉంది. గమకం మీదే నిలబడే రాగం, సహానా గానీ బేగడ గానీ తీసుకోండి. కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి, నిదానంగా ఆలాపన చేసి రికార్డు చేయండి. అయిదారేళ్ల కిందటి మీ రికార్డింగ్ ఏదైనా ఉంటే దాని పక్కన పెట్టి వినండి. ముఖ్యంగా గాంధారం మీద, ధైవతం మీద చెయ్యి ఎలా కదులుతోందో చూడండి. కింద కూర్చున్నప్పుడు వాద్యం బరువు పాదానికీ ఛాతీకీ మధ్య ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి పూర్తిగా ఖాళీ. ఒకటి రెండు వేళ్లతోనే తీగ పొడవునా జారగలుగుతాం. నిలబడి గడ్డం కింద పెట్టుకుని ఏళ్ల తరబడి వాయించినప్పుడు చెయ్యి తెలియకుండానే వాద్యాన్ని మోయడం మొదలుపెడుతుంది, వేళ్లు తమ తమ చోట్ల దిగడానికి అలవాటు పడతాయి. అప్పుడు జారు మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. మీ రికార్డింగ్‌లో అదే వినిపిస్తే మాస్టారు చెప్పింది నిజమే. అది బాగుపడేదే, పద్నాలుగేళ్ల సాధన ఎక్కడికీ పోదు. కానీ రోజూ కింద కూర్చుంటేనే తిరిగొస్తుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక వాదన మాత్రం ఎత్తకండి: "ఫిడేలే పరాయి వాద్యం కదా మాస్టారూ" అని. ఇలాంటి సందర్భంలో అందరికీ నోటికొచ్చే మాట అది. నిజానికి అది మీవైపు నిలబడే వాదన కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చినప్పుడు రెంటినీ కలపలేదు. ఆ తరం వాళ్లు పట్టుకునే తీరు మార్చారు, శ్రుతి చేసే తీరు మార్చారు, వేళ్ల నడక మార్చారు. వాద్యాన్ని మొత్తంగా తెచ్చి మన గాత్రం వెనక కూర్చోబెట్టారు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి లాంటి వారు దాన్ని ఒంటరిగా కచేరీ చేసే స్థాయికి తీసుకెళ్లారు. మాస్టారు వెంటనే ఈ మాటే అంటారు, అప్పుడు మీ దగ్గర జవాబుండదు. అంతగా అయితే ఆయనకు గుర్తు చేయదగ్గ సంగతి మరొకటి ఉంది. ముత్తుస్వామి దీక్షితులే ఆ రోజుల్లో విన్న యూరోపియన్ వరసలకు సంస్కృత సాహిత్యం రాసి నొట్టుస్వరాలు చేశారు. ఆయన రాగం రాగంగానే ఉంది, ఆ సరదా సరదాగానే ఉంది. మీ ఇంట్లో పెద్దలే పక్కింటి పాటను ప్రేమగా విన్నారన్నది మాస్టారికి నచ్చజెప్పడానికి పనికొస్తుంది. అదీ గెలవడానికి వాడకండి.

ఆయన కోపంగా ఉన్నా మీ పేరే చెప్పారు. అది మీరు ఉత్తరంలో ఆశ్చర్యంగా రాశారు. నాకేం ఆశ్చర్యంగా లేదు. ఆయన మిమ్మల్ని వదులుకోలేదని ఇంతకంటే స్పష్టంగా ఆ తరం మాస్టార్లు చెప్పరు. ఫోన్‌లో మాట్లాడొద్దు, వెళ్లి కూర్చోండి. ముందు ఒక కృతి వాయించి వినిపించండి, మాటలు తర్వాత.

గిటారిస్టు అడిగే "ఇండియన్ టచ్" దగ్గర నేను మీవైపే గట్టిగా ఉన్నాను. రీల్ మధ్యలో ఒక స్వరాల జల్లు కురిపించి వెళ్లిపోవడం వల్ల రీల్‌కూ మేలు లేదు, స్వరకల్పనకూ (రాగంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లడానికి) మేలు లేదు. స్వరకల్పనకు రాగం కావాలి, రాగానికి పూర్వరంగం కావాలి, తాళంలో ఒక చోటు మీద వచ్చి వాలాలి. అవేవీ లేకుండా మిగిలేది వేగం ఒక్కటే. పైగా కింద గిటార్ కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మారుతూ ఉంటాయి. మన గమకం ఒక స్వరం నుంచి పక్క స్వరంలోకి ఊగుతూ ఉంటుంది, కార్డు మాత్రం స్వరాన్ని ఒకచోట మేకు కొట్టినట్టు నిలబెడుతుంది. రెండూ ఢీకొంటాయి. అందుకే మీరు తెలియకుండానే ఆ భాగంలో గమకాలు తీసేసి, ఒట్టి స్వరాలు వాయిస్తూ ఉండి ఉంటారు. అంటే ఇండియన్ టచ్ అని పేరు పెట్టిన చోటే అది లేదన్నమాట.

అయితే కలపడం అనేదే బూటకం అని నేను అనను. నిజంగా కలిసే చోట్లు ఉన్నాయి, అవి లోపల ఉన్నాయి. మీరు క్లెజ్మర్ వాయిస్తారు కాబట్టి వాళ్లు ఫ్రేగిష్ అనే స్వరవరస మీకు తెలిసే ఉంటుంది. స్వరాల వరకు చూస్తే అది మన వకుళాభరణ రాగమే: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. స్వరాలు ఒకటే అయినా నడక పూర్తిగా వేరు. వాళ్లు స్వరం చివర ఒక వెక్కిలి లాంటిది పెడతారు, క్రెఖ్త్స్ అంటారు దాన్ని. మనం అదే స్వరం మీద ఊగి నిలబడతాం. అరబిక్ వైపు వెళితే హిజాజ్ అనే మఖామ్‌లో అదే రిషభం కాస్త పైకి, గాంధారం కాస్త కిందికి జరిగి ఆ మధ్య దూరం తగ్గుతుంది. ఇంకో సంగతి. అరబిక్ వయొలిన్‌ను చాలామంది జి, డి, జి, డి అని శ్రుతి చేస్తారు. అది మన షడ్జ, పంచమ, షడ్జ, పంచమ వరసే. ఒకే వాద్యం మీద, ఒకే శ్రుతి మీద, ఒకే పొరుగు స్వరాల మధ్య మూడు సంగీతాలు మూడు రకాలుగా మాట్లాడతాయి. ఈ మూడూ చేతిలో ఉన్న మనిషి మీరు. ఎనిమిది నిమిషాల పాటు డ్రమ్స్ ఆపి, గిటార్‌ను కార్డులు మానేసి షడ్జ పంచమాలు మాత్రమే మోగించమని చెప్పి, వకుళాభరణం ఆలాపనలోంచి క్లెజ్మర్ డాన్సులోకి మీరు నడిస్తే ఎలా ఉంటుందో నాకు వినాలని ఉంది. గిటారిస్టుకు "టచ్ ఇవ్వను" అని చెప్పకండి. "ప్రతి పాటలో కాసేపు బదులు, ఒక పాట మొత్తం నాకివ్వండి" అని అడగండి. ఒప్పుకుంటే బ్యాండ్‌కు ఇంకెవరి దగ్గరా లేని పాట ఒకటి దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఆయన దృష్టిలో మీ స్థానం ఏమిటో ఆల్బమ్‌కు ముందే తెలిసిపోతుంది, అదీ మంచిదే.

మీకంటే ముందు ఈ దారిలో నడిచిన వాళ్లందరూ ఒకే రకంగా నడవలేదు. ఎల్. శంకర్, ఎల్. సుబ్రమణ్యం సోదరులు తండ్రి లక్ష్మీనారాయణగారి దగ్గర కర్ణాటక బాణీలో పునాది పడ్డాకే బయటికి వెళ్లారు. 1970లలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి శక్తి బృందంలో శంకర్ వాయించినది వింటే గిటార్ తన దారి మార్చుకుని ఫిడేలు వైపు రావడం తెలుస్తుంది. యెహుదీ మెనుహిన్ది ఇంకో దారి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో శిఖరం లాంటి ఆయన 1960లలో రవిశంకర్‌తో, 1970లలో జాజ్ వయొలినిస్టు స్తెఫాన్ గ్రాపెల్లితో కలిసి రికార్డు చేశారు. గ్రాపెల్లి 1934 నుంచీ పారిస్‌లో జిప్సీ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌తో కలిసి ఆ సంగీతంలోనే బతికిన మనిషి, ఆయన అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతుంటే మెనుహిన్ చాలావరకు ముందే రాసిపెట్టిన భాగాన్నే వాయించారు. అది దాచుకోలేదు. ఎదుటివాడి ఇంటికి అతిథిగా వెళ్లానని తెలిసి, అతిథిలాగే ఉన్నారు. ఇంటిమనిషిలా ఉండటం, అతిథిలా ఉండటం రెండూ గౌరవమైన స్థానాలే. మీ ఇబ్బందల్లా ఏడు ఇళ్లలోనూ ఎందులో ఏమిటో మీరింకా తేల్చుకోకపోవడం.

ఇక నిర్ణయం. మీ ముందున్నవి మీరు రాసినట్టు రెండే దారులు కావు.

మాస్టారు చెప్పిన పక్కవాద్యానికి పూర్తిగా వెళ్లిపోవచ్చు. దానివల్ల చెయ్యి బాగుపడుతుంది, అందులో సందేహం లేదు. గాయని నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా అల్లి పాడటం) అందుకున్నప్పుడు ఆమె ఎటు తిరుగుతుందో చెవితో పట్టి అరక్షణం వెనకే నడవడం కంటే మంచి పాఠం ఏ బాణీకైనా లేదు. జాజ్‌కు కూడా అదే పనికొస్తుంది. కానీ బ్యాండ్ మీ కోసం ఆగదు, వేరొకరిని పెట్టుకుంటుంది. ఆదాయం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మాస్టారి మాటకు భయపడి వెళితే ఏడాది తిరక్కుండానే ఆ కచేరీల మీద విసుగు పుడుతుంది, ఆ విసుగు ఆ గాయనికి వినిపిస్తుంది కూడా.

ఆల్బమ్, టూర్ రెండూ ఒప్పుకోవచ్చు. వేదిక మీద ఆ అనుభవం చిన్నది కాదు. రాత్రికి రాత్రి శ్రోతలు మారుతుంటే వాయింపులో ధైర్యం వస్తుంది. కానీ టూర్లో సాధనకు టైమ్ ఉండదు. ఈరోజు మీ రీల్ ఎలా ఉందో అలాగే రికార్డు అవుతుంది, అలాగే ఏడాది పాటు గట్టిపడుతుంది. ఇప్పటికే మీకు అనుమానంగా ఉన్నదాన్ని వందలసార్లు వాయించాక మార్చుకోవడం కష్టం. ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

ఆల్బమ్ చేసి టూర్ సగానికి ఒప్పుకోవడం ఇంకో దారి. అప్పుడు గాయనికి కూడా "మొత్తం కాదు, ఈ నెలల్లో ఉంటాను" అని చెప్పాలి. రెండువైపులా కొంత అసంతృప్తి తప్పదు. రెండు చోట్లా "ఈవిడ పూర్తిగా మన మనిషి కాదు" అన్న మాట వినాల్సి వస్తుంది. దాన్ని భరించగలరా అన్నది మీకే తెలుస్తుంది. మీ స్థానంలో ఉంటే నేను ఈ వైపే మొగ్గుతాను. కర్ణాటకం ఎలాగూ మీ ఇల్లు. దానితోపాటు ఇంకొక్క బాణీని, ఐరిష్‌ను గానీ క్లెజ్మర్‌ను గానీ, ఇంటిమనిషి అయ్యేదాకా పట్టుకుంటాను. జాజ్, బ్లూగ్రాస్ లాంటివి అతిథిగా వాయిస్తాను, వేదిక మీద అలాగే చెబుతాను. అయితే ఏ బాణీ అన్నది బుర్రతో తేల్చేది కాదు. ఏ బాణీలో మీ తప్పు ఎవరైనా చెబితే కోపం రాకుండా ఇంకా నేర్చుకోవాలనిపిస్తుందో అదే మీది. ఉత్తరాన్ని బట్టి ఐరిష్ అనిపిస్తోంది. ఆ పెద్దాయన మాట మీకు ఏడాదైనా మరుపు రాలేదు కదా.

ఏ దారైనా, ఆల్బమ్ చేస్తే మాత్రం ఒక పని చేయండి. వాయించబోయే ప్రతి ట్యూన్ ఎక్కడిదో, ఎవరిదో రాసుకోండి. సంప్రదాయంగా వస్తున్నవి అనుకునే ట్యూన్లలో ఈమధ్య కాలంలో ఒక మనిషి కట్టినవి చాలా ఉంటాయి. కట్టినవాళ్లు బతికుండవచ్చు, వాళ్ల అనుమతి కావాలి, రాబడిలో వాళ్ల వాటా ఉంటుంది. కవర్ మీద ఒట్టిగా "జానపదం" అని వేయడం వాళ్లకు అన్యాయం. ఎవరి రికార్డింగ్ నుంచి పట్టుకున్నారో ఆ పేరు కూడా వేయించండి. మీ సంగీతాన్ని "ఇండియన్ టచ్" అని ఒక్క ముక్కలో తేల్చేసినందుకు మీకు ఎలా అనిపించిందో, వాళ్లకూ అలాగే అనిపిస్తుంది.

రాత్రి పెట్టె తెరిచి మూసేసే సంగతి. ఏం వాయించాలో తెలియకపోవడానికి చేతిలో ఎక్కువ ఉండటం ఒక కారణం, ప్రతిదీ ఎవరో వింటారని వాయించడం ఇంకో కారణం. కొన్నాళ్ల పాటు ఆ టైమ్‌లో పాటలు వాయించకండి. తంబురా పెట్టుకుని షడ్జం మీద ఒక్క కమాను, చివరిదాకా, వణకకుండా లాగండి. తర్వాత పంచమం. బోరు కొడితే కొట్టనివ్వండి. ఏదో ఒక రాత్రి చెయ్యి తనంతట తాను ఒక పదం పలుకుతుంది. అది ఏ బాణీదో అప్పటికప్పుడు పేరు పెట్టకండి. రికార్డు కూడా చేయకండి. అలాగే సాధనలో ఒకే పూట ఏడు బాణీలూ తిరగేయడం మానండి. ఒక పూట ఒక్క బాణీ. వీలైతే రెండు వాద్యాలు ఉంచుకోండి, ఒకటి షడ్జ పంచమాలకు, ఒకటి పాశ్చాత్య శ్రుతికి. ఒకే వాద్యం బిరడాలు రోజూ అటూ ఇటూ తిప్పితే తీగలు తెగడమే కాదు, శ్రుతి ఒకచోట కుదురుకోదు, చెవి కూడా అంతే.

చివరగా, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన భుజం. కింద కూర్చుని వాయించే శరీరం, నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించే శరీరం వేరు వేరుగా కష్టపడతాయి. రెండోదాంట్లో గడ్డానికీ భుజానికీ మధ్య ఖాళీ సరిగ్గా నిండకపోతే, వాద్యం జారకుండా భుజం పైకి లేచి బిగుసుకుంటుంది. గంటల తరబడి అలాగే ఉంటుంది. షోల్డర్ రెస్ట్ ఎత్తు, చిన్ రెస్ట్ ఆకారం మీ మెడకు సరిపోయాయో లేదో తెలిసినవాళ్లతో చూపించుకోండి. నొప్పి చెయ్యి కిందికి పాకుతున్నా, వేళ్లలో తిమ్మిరి ఉన్నా వాయించడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి. సాగదీసే వ్యాయామాలు వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టకండి. బ్యాండ్‌కూ, గాయనికీ జవాబివ్వడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేలోపే ఇది చూపించుకోండి. ఏడాదిలో ఎన్ని రాత్రులు నిలబడి వాయించగలరో డాక్టర్ చెప్పాక టూర్‌లో ఎన్ని కచేరీలకు ఒప్పుకోవాలో లెక్క వేసుకోవడం తేలికవుతుంది.